పెకీ తినే పద్ధతి

మా చెల్లెలు ఇవొనీచి వేళ్లు ఎప్పుడూ నీలమే.
జరాగ్వాలో జీన్సు కుట్టే వాళ్లందరి వేళ్లూ అంతే,
సబ్బుకు లొంగని రంగు.
ఓటేసిన వేలికి సిరా పెట్టే దేశం కాదు మాది.
పెట్టినా మా ఊళ్లో కనపడదు.

నిన్న రాత్రి అడిగాను.
మిషను ఆపకుండానే చెప్పింది:
"అతని నోరు మురికే అక్కా.
ఆ రెండో సంసారం సంగతీ విన్నాను.
నేనేమన్నా పిల్లనిస్తున్నానా అతనికి?"

దారం పళ్లతో తెంపింది.

"మా ఆయన తాగి గుమ్మంలో పడున్న రోజుల్లో
నువ్వూ, మీ యూనియను వాళ్లూ
మంచి మాటలు చెప్పారు. కరపత్రం ఇచ్చారు.
రేకుల షెడ్డు చర్చిలోంచి నలుగురు ఆడవాళ్లొచ్చి
వాంతి కడిగారు.
నలభై రోజులు వంతులేసుకుని కాపలా కూచున్నారు.
టీవీలో ఒక చదువుకున్నాయన
వాళ్లని గొర్రెలన్నాడు, నవ్వుతూ.
ఇతను అదే టీవీలో
వాళ్లతో పాటు మోకరిల్లాడు.
నాటకమే అనుకో.
మా కోసం నాటకమైనా ఆడిన వాడు
ఇంకొకడున్నాడా?"

లెక్కల టీచర్ని, నా దగ్గర అంకెలున్నాయి.
మూతపడ్డ ఆసుపత్రులు ఎన్నో,
తగలబడ్డ అడవి ఎన్ని ఎకరాలో, అన్నీ చెప్పాను.
ఈలోగా ఆమె ఒక జేబు కుట్టేసింది.
ఆ నలభై రోజుల్లో నేనొక్క ఆదివారం వెళ్లాను,
నారింజపళ్లు పట్టుకుని.
ఆ అంకె మాత్రం చెప్పలేదు.

దుర్మార్గురాలైతే ఎంత బాగుండేది!
తేలిగ్గా తెంచుకునేదాన్ని.
కొట్టువాడు పొరపాటున ఎక్కువిచ్చిన పది నోటు
తిరిగివ్వడానికి మిట్టమధ్యాహ్నం వెనక్కి నడిచే మనిషి.
నా కొడుకు కవాన్‌కి డెంగీ వస్తే
ఆరు రాత్రులు నుదుటి మీద తడిగుడ్డ మార్చింది ఈమే.
కవాన్ ఎవర్ని ప్రేమిస్తాడో ఆమెకు తెలుసు.
ఆ అబ్బాయి పేరు తెలుసు, నడుము కొలత తెలుసు,
ఇద్దరికీ ఒకే తానులోంచి ప్యాంట్లు కుట్టిపెట్టింది.

అలాంటి వాళ్ల గురించి
ఆ మనిషి మైకు ముందు అన్న మాట
నేను తిరిగి అనలేను.
కవాన్ ఫోన్లో విన్నాడు.
ఫోను బోర్లా పెట్టి
అన్నం తిన్నాడు.

"అది మనవాడి గురించి కాదక్కా."
"మరెవరి గురించి?"
"వేరే వాళ్ల గురించి."

ఆ వేరే వాళ్ల చిరునామా నాకు దొరకలేదు.
జరాగ్వాలో అడిగితే గొయానేజియాలో ఉంటారంటారు.
అక్కడ అడిగితే ఇక్కడే అంటారు.

ఇవాళ పొద్దున్న ముసురు.
ఒకే గొడుగులో ఇద్దరం బడికి నడిచాం.
నా బడే, నా తరగతి గదే.
శుక్రవారం రాసిన భిన్నాలు
బోర్డు మీద ఎవరూ తుడవలేదు.
అట్టపెట్టె చాటుకి ముందు ఆమె వెళ్లింది.
కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి.
నేనెప్పుడూ ఓటుకు ముందు ప్రార్థించలేదు.
అంత భయంగా, అంత శుభ్రంగా
ఏ మీటా నొక్కలేదు.
మిషను పిట్టలా కూసింది.
నా వంతుకీ అదే కూత.

మధ్యాహ్నం పెకీ అన్నం వండింది.
తెలియని వాళ్లకు చెప్పాలి:
పసుప్పచ్చని కాయ, వాసన వీధి మలుపు దాకా.
కొరక్కూడదు.
పల్చటి కండ కింద గింజ నిండా ముళ్లు,
నాలుకలో దిగాయంటే డాక్టరు పట్టకారుతో తియ్యాలి.
పైపైన పళ్లతో గీరుకోండి, చాలు
అని మా ఇద్దరికీ నేర్పింది అమ్మమ్మ.

కవాన్ వచ్చాడు.
పెద్ద కాయలు రెండూ వాడి పళ్లెంలోనే వేసింది పిన్ని.
ముగ్గురం తలలు వంచుకుని
జాగ్రత్తగా గీరుతున్నాం.
వాడు తలెత్తకుండానే అడిగాడు:
"పిన్నీ, ఎవరికేశావ్?"

ఫ్యాను టకటకమంటోంది.
ఆమె నోట్లోంచి గింజ తీసి
నీలం వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ
ఎక్కడిదాకా గీరిందో
చూసుకుంటోంది.